సెగా సీడీలో బ్యాట్‌మ్యాన్: ఆట కన్నా కార్టూనే మేలు

1995లో సెగా సీడీకి (సెగా జెనెసిస్ గేమ్ కన్సోల్‌కు తగిలించే సీడీ మెషీన్) వచ్చిన ‘ది అడ్వెంచర్స్ ఆఫ్ బ్యాట్‌మ్యాన్ అండ్ రాబిన్’లో ఫైటింగ్ ఉంటుందని ఆశపడకండి. మొత్తం డ్రైవింగే. ఎక్కువగా బ్యాట్‌మ్యాన్ కారు బ్యాట్‌మొబైల్, మధ్యలో అతని విమానం బ్యాట్‌వింగ్. ఇదే పేరుతో జెనెసిస్‌లో ఉన్నది పూర్తిగా వేరే ఆట, కొనేటప్పుడు చూసుకోండి.

నా దృష్టిలో ఈ డిస్క్ విలువంతా లెవెల్స్ మధ్య వచ్చే కార్టూన్‌దే. బ్యాట్‌మ్యాన్ టీవీ కార్టూన్ సీరీస్‌లో వినిపించిన కెవిన్ కాన్రాయ్ (బ్యాట్‌మ్యాన్), మార్క్ హామిల్ (విలన్ జోకర్) గొంతులే ఇక్కడా ఉన్నాయి. జోకర్ నవ్వు వినడానికే ఒక్కోసారి డిస్క్ పెడతాను. ఈ కార్టూన్ ముక్కలన్నీ కలిపితే పావుగంట దాటుతుంది. టీవీలో రాని ఎపిసోడ్ అని అభిమానులు ముద్దుగా పిలుచుకోవడంలో అతిశయోక్తి లేదు. మెషీన్ ఒకేసారి 64 రంగులే చూపగలదు కాబట్టి బొమ్మ కాస్త గరుకుగా ఉంటుంది. బ్యాట్‌మ్యాన్ ఉండే గోతమ్ ఎలాగూ చీకటి ఊరే, సరిపోయింది!

డ్రైవింగ్ చూడ్డానికి దూకుడుగానే ఉంటుంది. కానీ గుద్దుకోవడం, మళ్లీ మొదలెట్టడం... తర్వాతి కార్టూన్ ముక్క చూడాలంటే ఇంత టెన్షన్ పడాలా అనిపిస్తుంది. తన్నులాట కావాలంటే అదే మెషీన్‌కు 1993లో వచ్చిన ‘బ్యాట్‌మ్యాన్ రిటర్న్స్’ తీసుకోండి. అందులో కార్ లెవెల్స్ కూడా ఉన్నాయి, స్పెన్సర్ నిల్సెన్ సంగీతం అదనం.