పాత ఫోర్ వీల్ డ్రైవ్ ఇంజన్: ఇంట్లో విప్పి బాగుచేయాలా, షెడ్డుకి ఇవ్వాలా?

ఖర్చు: ఇంట్లో చేస్తే కూలీ మిగులుతుంది, అంతే. సిలిండర్ బోరింగ్ (అరిగిన సిలిండర్ లోపలి గోడను చెక్కి సరిచేయడం), క్రాంక్ గ్రైండింగ్ (పిస్టన్లు తిప్పే ఇరుసును సానపట్టడం) అవసరమైతే ఎలాగూ మెషిన్ షాపుకే వెళ్లాలి.

శ్రమ: షెడ్డుకి ఇస్తే ఎదురుచూడటమే మన పని. ఇంట్లో అయితే ఇంజన్ దించే రోజూ, ఎక్కించే రోజూ స్నేహితులు ఉండి తీరాలి. మధ్యలో శుభ్రం చేయడం, కొలవడం ఒక్కరే ప్రశాంతంగా చేసుకోవచ్చు. నన్నడిగితే అదే మంచిది.

రిస్క్: అసలు టెన్షన్ ఇక్కడే. క్రాంక్‌ను పట్టి ఉంచే మెయిన్ బేరింగ్ క్యాపులు ఎక్కడివి అక్కడే, అదే దిశలో బిగించాలి. విప్పేముందే గుర్తులు పెట్టుకోవాలి. సిలిండర్ల పైమూతను పట్టే హెడ్ బోల్టులు బండి మాన్యువల్ చెప్పిన వరసలో, సాధారణంగా మధ్య నుంచి బయటికి, విడతలవారీగా టార్క్ రెంచితో (ఎంత గట్టిగా బిగించామో చూపే రెంచి) బిగించాలి. కబుర్లలో పడి ఒక క్యాపు తారుమారైతే క్రాంక్ పట్టేయొచ్చు. అందుకే ఒకరు బిగిస్తుంటే ఇంకొకరు మాన్యువల్ చూసి ఎంత బిగించాలో ఆ అంకె చదవాలి. షెడ్డులో ఆ బాధ్యత వాళ్లది, కానీ లోపల ఏం వేశారో మనకు కనిపించదు.

రోజూ ఆ బండే దిక్కయితే షెడ్డుకే ఇవ్వండి. తిరగడానికి మరో బండి, నెలల తరబడి విప్పి ఉంచే చోటు, ఓపికున్న స్నేహితులు ఉంటే ఇంట్లోనే విప్పండి. ఇంజన్ బ్లాకు (సిలిండర్లుండే ప్రధాన భాగం) పగిలి ఉంటే మాత్రం వేరే ఇంజన్ వెతుక్కోవడమే మేలు.