ఆర్ట్ థెరపీ: మాకు కలిసొచ్చింది తడిగుడ్డ

విజయనగరంలో మా బాబుని రెండేళ్లకు పైగా ఆర్ట్ థెరపీకి తిప్పుతున్నాం. ఆటిజం ఉంది, ఇప్పుడు ఏడేళ్లు. "ఏటి, బొమ్మలేస్తే గుంటడికి మాటలొచ్చేస్తాయేటి?" అని మా అత్తగారు మొదట్లోనే తీసిపారేశారు. మాటల సంగతి తర్వాత. ముందు తడిగుడ్డ గురించి చెప్పాలి.

చేతికి తడి, జిగట తగిలితే చాలు, మావాడు బిగుసుకుపోయేవాడు. పెరుగన్నం స్పూన్‌తో పెట్టినా, మూతికి అంటితే ఏడుపే. అక్కడి మేడం రంగుల గిన్నెల కంటే ముందు, మడతపెట్టిన తడిగుడ్డ వాడి చేతి పక్కన పెట్టేవారు. వేలు ముంచడం, తుడుచుకోవడం, మళ్లీ ముంచడం. ఎన్నిసార్లు తుడుచుకున్నా ఏమీ అనరు. "ఇదేం బొమ్మ నాన్నా?" అని కూడా అడగరు. నెలల తరబడి కాగితం మీద నీలం మరకలే. ఫీజు కట్టే మావారికి అది మింగుడుపడేది కాదు. మెల్లగా మరకలు పెరిగాయి, తుడుచుకోవడం తగ్గింది. ఒకరోజు ఇంట్లో కంచం ముందు కూర్చుని "గుడ్డ" అన్నాడు. ఇస్తే పక్కన పెట్టుకుని, తనంతట తానే పెరుగన్నంలో వేళ్లు పెట్టాడు!

ఆ తర్వాత ఏప్రిల్ 2, ఆటిజం అవగాహన దినానికి ఎగ్జిబిషన్ అన్నారు. మేడం సెలవు. బదులు వచ్చినావిడ "ఎన్నిసార్లు తుడుస్తావు" అంటూ గుడ్డ తీసేసి, వాడి చెయ్యి పట్టుకుని నెమలిని వేయించింది. నెమలి బ్రహ్మాండంగా వచ్చింది, ఫ్రేమ్ కట్టి కింద వాడి పేరు రాశారు. వాడు మాత్రం చాలా రోజులు ఆ గుమ్మం తొక్కలేదు. ఇంట్లో మళ్లీ స్పూనే. ఆ నెమలిని అటకెక్కించాను.

స్పీచ్ థెరపిస్టుకైతే ఆర్‌సీఐ (రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా) రిజిస్ట్రేషన్ ఉందా అని అడగొచ్చు. ఆర్ట్ థెరపిస్టుకు అందులో విభాగమే లేదు. డ్రాయింగ్ క్లాసుకు కూడా థెరపీ అని బోర్డు తగిలించేయొచ్చు.

"గుడ్డ" అన్నాడని చుట్టాలందరికీ ఫోన్లు చేశాను గానీ, అప్పటికే స్పీచ్ థెరపీ, ఓటీ (రోజువారీ పనులు నేర్పే ఆక్యుపేషనల్ థెరపీ) కూడా నడుస్తున్నాయి. ఏది దేని పుణ్యమో విడదీసి చెప్పలేను.

మా ఇల్లు కోట దగ్గర, సెంటరుకి నడిచి వెళ్లిపోతాం. మావాడు కాసేపు కుదురుగా కూర్చోగలడు కూడా. అందుకని మేం మాన్పించం. బొబ్బిలి నుంచో చీపురుపల్లి నుంచో బస్సెక్కి రావాలి, డబ్బులు ఒక్కదానికే సరిపోతాయంటే మాత్రం స్పీచ్, ఓటీ ఆపి దీనికి రమ్మనను. చూడ్డానికి వెళ్తే గోడ మీద బొమ్మలు వదిలేసి, ఒక సెషన్ కూర్చుని చూడనివ్వమని అడగండి. పిల్లాడు చెయ్యి వెనక్కి లాక్కున్నప్పుడు వాళ్లేం చేస్తున్నారో చూడండి.