అట్ట లేని స్పానిష్ నిఘంటువు, 180 రూపాయలు

విజయనగరం మూడు లాంతర్ల దగ్గర, తోపుడు బండి మీద పాత పుస్తకాల్లో దొరికింది. స్పానిష్–ఇంగ్లీషు నిఘంటువు. అట్టా లేదు, మొదటి పేజీలూ లేవు. ఎవరు వేశారో అందుకే చెప్పలేను. 250 చెప్పి 180కి ఇచ్చాడు.

మా అమ్మాయి మెక్సికోలో, గ్వాదలహారాలో ఉద్యోగం చేస్తోంది. అక్కడ వాళ్ల ఇంటి యజమానురాలి భర్త పోయారు. నాలుగు ముక్కలు రాసి పంపుదామని ఫోనులోని అనువాద యాప్‌లో ‘కీర్తిశేషులైన మీ భర్త’ అని కొట్టాను. ‘సు ఎస్పోసో మ్వెర్తో’ అని వచ్చింది. అమ్మాయికి చూపిస్తే, “నాన్నగారూ, పంపేశారా? ‘చచ్చిన మీ ఆయన’ అన్నట్టుంది” అంది. నాకు చెమటలు పట్టాయి. శ్రద్ధాంజలి ఫ్లెక్సీలూ పెద్దకర్మ కార్డులూ వేసుకుని 22 ఏళ్లుగా బతుకుతున్నవాణ్ని మరి! ఒకసారి మా కుర్రాడు ‘కీ.శే.’ ఉండవలసిన చోట ‘మృతుడు’ అని కొడితే, 200 కార్డులు మా ఖర్చుతో మళ్లీ వేసి ఇచ్చాం.

ఈ పుస్తకం ఆ చిక్కు విప్పింది. ‘దిఫున్తో’ అనే మాట అచ్చంగా మన ‘కీ.శే.’, వరసకు ముందు వస్తుంది: ‘సు దిఫున్తో ఎస్పోసో’. ఆడవారైతే ‘దిఫున్తా’. ‘ఫయెసీదో’ పత్రికల మాట, ప్రమాదంలో ముగ్గురు మృతి అన్నప్పటిది. దాని క్రియ ‘ఫయెసేర్’ మర్యాదగా మనుషులకే వాడతారు. కుక్క పోతే ‘మొరీర్’. మనమూ కుక్క కాలం చేసిందనం కదా. ‘ఒక్సీసో’ అంటే హతుడు, పోలీసు కాగితాల్లో కనిపిస్తాడు. ‘మ్వెర్తో దె ఆంబ్రె’ మాటకు మాట చూస్తే ఆకలితో చచ్చినవాడు, వాడుకలో మాత్రం గతిలేనివాడనే తిట్టు.

లోపం కూడా చెప్పాలి. ఏ మాట ఎక్కడ నొప్పిస్తుందో, ఎక్కడ నొప్పించదో ఇందులో లేదు. నవంబరు 1, 2 తేదీల్లో మెక్సికో వాళ్లు పోయినవారి ఫొటోలు పెట్టి, బంతిపూలు పరిచి, వాళ్లకు ఇష్టమైనవి వండి పెడతారు. ఆ పండుగ పేరు ‘దియా దె మ్వెర్తోస్’. అక్కడ అదే ‘మ్వెర్తో’ ఎంతో ప్రేమగా పలుకుతుందని అమ్మాయి చెబితేనే తెలిసింది. చర్చి మాత్రం నవంబరు 2ను ‘దిఫున్తోస్’ మాటతోనే పిలుస్తుంది.

అక్షరాలు మరీ చిన్నవి, భూతద్దం తప్పదు. చివరి పేజీలు ఊడిపోయాయి. బూట్లకు స్పానిష్‌లో ‘సపాతో’ అంటారట, ‘జెడ్’ లేక ఆ మాట వెతకలేకపోయాను. అయిదుకు మూడున్నర ఇస్తాను. అట్ట నేనే కట్టుకున్నాను, మిగిలిపోయిన పెళ్లికార్డుల అట్టతో. పైన వినాయకుడున్నాడు.