పోస్ట్‌స్క్రీన్: ఎవరడిగినా లోపలి పేర్లు చెప్పని కాపలా

మెయిల్ సర్వర్ లాగ్ రోజూ చూసేవాళ్లకి ఈ వరస తెలుసు. ఎక్కడిదో ఒక మెషీన్ వచ్చి ఇన్ఫో, సేల్స్, అకౌంట్స్, అడ్మిన్ అంటూ ఒక్కో పేరూ తడుముతుంది. జవాబుగా 250 అనే కోడ్ వస్తే ఆ చిరునామా ఉన్నట్టు, 550 వస్తే లేనట్టు. ఉన్నవన్నీ స్పామర్ల జాబితాలోకి పోతాయి. ఫలానా చిరునామా ఉందా అని నేరుగా అడిగే వెరిఫై కమాండ్ మూసేస్తే చాలంటారు కొందరు. మూయాల్సిందే, పోస్ట్‌ఫిక్స్ అనే మెయిల్ సర్వర్ సాఫ్ట్‌వేర్‌లో అది ఒక్క లైను పని. కానీ ఉత్తరం ఇస్తున్నట్టు నటిస్తూ పేర్లు అడిగేవాణ్ని అది ఆపలేదు. పోనీ అన్నిటికీ సరేనని తర్వాత బౌన్స్ చేద్దామంటే, అంటే తిప్పి పంపుదామంటే, స్పామర్ ఎవరి చిరునామా దొంగిలించి పెట్టాడో వాళ్ల నెత్తిన పడతాయి ఆ బౌన్సులన్నీ.

అందుకే నాకు పోస్ట్‌స్క్రీన్ అంటే అంత ఇష్టం. పోస్ట్‌ఫిక్స్ 2.8 వెర్షన్‌తో 2011లో వచ్చింది, ఉచితం. బయటి సర్వర్లు ఉత్తరాలు తెచ్చే 25వ పోర్టు దగ్గర అందరికంటే ముందు ఇదే నిలబడుతుంది. పలకరింపు సగం చెప్పి ఆరు సెకన్లు ఆగుతుంది. పద్ధతిగల సర్వర్ పూర్తిగా వినేదాకా ఊరుకుంటుంది. స్పామ్ బాట్‌కి అంత ఓపిక లేదు, ముందే మాట్లాడి దొరికిపోతుంది. ఇక అది ఏ పేరు అడిగినా, ఉన్నా లేకున్నా, ఒకటే 550. అసలు పోస్ట్‌స్క్రీన్‌కే లోపల ఎవరెవరున్నారో తెలియదు. తెలియనివాడి దగ్గర ఏం కూపీ లాగుతారు? ఈ ఆలోచన చేసినవాళ్లకి దండం పెట్టాలనిపిస్తుంది.

లోపాలు లేకపోలేదు. ఈ పరీక్ష డీఫాల్ట్‌గా 'ఇగ్నోర్'లో ఉంటుంది, అంటే లాగ్‌లో రాసి వదిలేస్తుంది. 'ఎన్‌ఫోర్స్' అని మార్చేదాకా ఎవర్నీ ఆపదు. స్పామ్ పంపే ఐపీలను చెప్పే స్పామ్‌హాస్ లాంటి బ్లాక్ లిస్టులు కలపాలంటే సొంత డీఎన్‌ఎస్ రిజాల్వర్ (ఆ లిస్టుల్ని అడిగి జవాబు తెచ్చే సర్వర్) ఉండాలి, పబ్లిక్ రిజాల్వర్ల ద్వారా అడిగితే అవి సరైన జవాబివ్వవు. పలకరింపు అయ్యాక చేసే లోతు పరీక్షల జోలికి మాత్రం నేను పోలేదు. వాటిలో నెగ్గిన కొత్త సర్వర్‌కి కూడా 450 (ఇప్పుడు కాదు అనే కోడ్) ఇచ్చి మళ్లీ రమ్మంటుంది. పెద్ద మెయిల్ సంస్థలు రెండోసారి వేరే ఐపీ నుంచి వస్తాయి, ఈలోగా ఓటీపీ గడువు తీరిపోతుంది.

ఓపికగా, మచ్చలేని ఐపీ నుంచి వచ్చి పేర్లు అడిగేవాణ్ని ఇది పట్టలేదు. వాడి కోసం విడిగా హార్డ్ ఎర్రర్ లిమిట్, అంటే ఎన్ని తప్పులయ్యాక కనెక్షన్ తెంచాలో చెప్పే హద్దు, తగ్గించుకోవాలి. మామూలుగా అది 20. అన్ని తప్పు పేర్లు అడిగేదాకా వాణ్ని గుమ్మంలో ఉంచుకోవడం దేనికి?

587 పోర్టుకి మాత్రం పోస్ట్‌స్క్రీన్ పెట్టకండి. తమ ఉత్తరాలు పంపడానికి అక్కడికి వచ్చేది మన యూజర్లే.