ఇఫ్-వాచ్: ఐపీ చిరునామాల మార్పులను పసిగట్టే రస్ట్ లైబ్రరీ

కంప్యూటర్‌కు కొత్త ఐపీ చిరునామా వచ్చినా, ఉన్నది పోయినా ఆ సంగతిని ప్రోగ్రామ్‌కు చేరవేసే చిన్న లైబ్రరీ (ఇతర ప్రోగ్రామ్‌లు వాడుకునే సిద్ధమైన కోడ్) ఇఫ్-వాచ్. ఇది రస్ట్ అనే ప్రోగ్రామింగ్ భాషకు చెందినది. తాను ఏయే చిరునామాల్లో అందుబాటులో ఉన్నదో తోటి కంప్యూటర్లకు చెప్పవలసిన లిబ్‌పీ2పీ (కంప్యూటర్లను నేరుగా ఒకదానితో ఒకటి కలిపే సాధనం) వంటి వ్యవస్థలకు ఇది అవసరం.

అప్ (చిరునామా వచ్చింది), డౌన్ (చిరునామా పోయింది) అనే రెండే రకాల సంఘటనలు ఉండడం దీని పెద్ద సుగుణం. అయితే ఆ సరళత వెనుక చాలా శ్రమ దాగి ఉంది. లినక్స్‌లో కెర్నెల్ (ఆపరేటింగ్ సిస్టమ్ మూలభాగం) ప్రోగ్రామ్‌లతో మాట్లాడే నెట్‌లింక్ సాకెట్ అనే మార్గం ద్వారా ఏ చిరునామా మారిందో నేరుగా చెబుతుంది. విండోస్ మాత్రం ఏదో మారిందని తట్టి లేపుతుందే గాని చిరునామా చెప్పదు కనుక, లైబ్రరీయే జాబితాను మళ్ళీ చదివి, పాతదానితో పోల్చి తేడాను తేల్చుకోవాలి. మ్యాక్‌లో సిస్టమ్ కాన్ఫిగరేషన్ సేవ ఆధారం. ఈ వసతులు లేనిచోట నిర్ణీత వ్యవధికొకసారి జాబితాను పరిశీలిస్తుంది. ఆ మధ్యలో వచ్చి పోయిన చిరునామా దీని కంటబడదు.

నాకు నచ్చనిది ఒకటే: సంఘటనలో చిరునామా, దాని ప్రిఫిక్స్ (చిరునామాలో నెట్‌వర్క్‌ను సూచించే భాగం ఎంతో చెప్పే సంఖ్య) మాత్రమే ఉంటాయి, ఇంటర్‌ఫేస్ (కంప్యూటర్ నెట్‌వర్క్‌కు కలిసే ద్వారం) పేరు ఉండదు. మారినది వైఫైయా, వీపీఎన్నా అని తెలుసుకోదలచినవారు వేరే దారి వెతుక్కోవలసిందే.