సంఘాన్ని సరిచేసే రెండు రోజుల శిక్షణ: ఒక కోశాధికారి లెక్క

రుసుము 40 వేలు, దానిపై 18 శాతం జీఎస్టీ, మొత్తం 47,200 రూపాయలు. చెక్కు మీద సంతకం చేసింది నేనే. బ్యాంకు కౌంటరు వెనుక ముప్పై ఒక్క ఏళ్లు కూర్చుని రిటైరయిన మనిషిని. పోయిన ప్రతి రూపాయికి ఎదురుగా ఏమి వచ్చిందో రాసుకునే జబ్బు ఇంకా వదల్లేదు. శిక్షణ ఇచ్చిన సంస్థ పేరు రాయడం లేదు. నచ్చనివి కూడా చెప్పబోతున్నాను కదా. స్వచ్ఛంద సంఘాలను కూర్చోబెట్టి బాధ్యతలు పంచిపెట్టే ఇలాంటి సంస్థలు ఇప్పుడు చాలానే ఉన్నాయి, మీరు ఎవరిని పిలుచుకున్నా ఈ లెక్క పనికివస్తుంది.

మాది హైదరాబాద్ పడమటి అంచున ఒక చెరువును కనిపెట్టుకుని ఉండే సంఘం. 2013లో ఆరుగురితో మొదలైంది. సొసైటీల చట్టం ప్రకారం రిజిస్టర్ చేయాలంటే కనీసం ఏడుగురు ఉండాలి, ఆ ఏడో మనిషి దొరికేసరికి 2015 వచ్చింది. ఆ ఏడో మనిషిని నేనే. పొద్దున నడకకు వచ్చి సంతకం పెట్టి ఇరుక్కుపోయాను. 2020 అక్టోబరులో నగరం నీట మునిగినప్పుడు చెరువులు గుర్తొచ్చినవాళ్లు ఒక్కసారిగా వచ్చి చేరారు. ఇప్పుడు ఫోను గ్రూపులో నూట నలభై మంది ఉన్నారు. ఆదివారం ఆరున్నరకు కొక్కెం పట్టుకుని గుర్రపుడెక్క లాగడానికి వచ్చేది పద్నాలుగు మంది.

తగాదా జీతం దగ్గర మొదలైంది. కొత్తగా వచ్చిన కుర్రవాళ్లు, ముఖ్యంగా సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే ఒక అమ్మాయి, జీతమిచ్చి ఒక సమన్వయకర్తను పెట్టుకుందామన్నారు. ఆమె వాదన తీసిపారేసేది కాదు. మా చెరువు పది హెక్టార్లు దాటినది, కాబట్టి పూర్తి నీటి మట్టం గీత నుంచి 30 మీటర్ల వరకు కట్టడాలు రాకూడదు. ఆ 30 మీటర్లలో మట్టి లారీలు శనివారం రాత్రి దిగుతాయి, కార్యాలయాలు సోమవారం తెరుస్తారు, మేము మాత్రం ఆదివారం ఉంటాం. ఫిర్యాదు పట్టుకుని తిరిగే మనిషి లేడు. మరోవైపు మా అధ్యక్షులు, రిటైరయిన లెక్కల సారు. ‘జీతం వచ్చిన మర్నాడు చీపురు పట్టేవాడుండడు’ అన్నది ఆయన మాట. ఎనిమిది నెలలు ఇదే రామాయణం. ఇద్దరు గ్రూపులోంచి వెళ్లిపోయారు, ఒకరు వెళ్లి తిరిగొచ్చారు. చివరికి బయటివాళ్లను పిలుద్దామన్నది ఆ అమ్మాయే, సరేనన్నది సారే. ఖర్చుకు ఒప్పుకోనిది నేను. ఓడిపోయాను.

మొదటి రోజు వృథా అనే చెప్పాలి. కాలనీ కమ్యూనిటీ హాల్లో ఇరవై ఒక్క మందిమి కూర్చున్నాం, వారిలో నలుగురు చెరువు మీద ఆధారపడిన మత్స్యకార సహకార సంఘం వాళ్లు. శిక్షకులు ఇద్దరు వచ్చారు. ల్యాప్‌టాప్‌తో వచ్చిన యువకుడు మధ్యాహ్నం దాకా ఇంగ్లీషులో తెర మీద బొమ్మలు చూపించాడు. విషయం సోషియోక్రసీ. నెదర్లాండ్స్‌లో గెరార్డ్ ఎండెన్‌బర్గ్ అనే ఇంజనీరు 1970ల్లో తన కుటుంబ విద్యుత్ సంస్థలో తీర్చిదిద్దిన పద్ధతి ఇది. ఆయన చిన్నప్పుడు చదివిన బడిలో పిల్లలూ ఉపాధ్యాయులూ కలిసి కూర్చుని నిర్ణయాలు తీసుకునేవారట, దానికి మూలం అక్కడుంది. అధికారం ఒక్కరి చేతిలో కాకుండా చిన్న చిన్న సర్కిళ్లలో ఉంటుంది, ఎవరి పనిలో వారే నిర్ణయం తీసుకుంటారు. వినడానికి బాగుంది. అయితే సర్కిల్ అనగానే మత్స్యకారుల పెద్దాయన నా వైపు వంగి, ‘చెల్లెమ్మా, మున్సిపాలిటీ సర్కిల్ ఆఫీసులో మనకేం పని?’ అని అడిగారు. అప్పటినుంచి అనువాదం నా ఉద్యోగమైంది, రుసుములో తగ్గింపేమీ లేకుండా.

మా కోసం గీసిన పటంలో ఏడు సర్కిళ్లున్నాయి: శుభ్రత, నీటి పరీక్ష, పక్షుల లెక్క, ప్రచారం, చట్టం, నిధులు, సభ్యత్వం. ఆ పద్ధతిలో ప్రతి సర్కిల్ నుంచి ఇద్దరు పై సర్కిల్‌లో కూర్చోవాలి: ఒకరు పైనుంచి మాట మోసుకొచ్చేవారు, ఒకరు కిందివారు ఎన్నుకుని పంపేవారు. మంచి ఏర్పాటే, మాట ఒకే దారిన నడవదు. కానీ లెక్కల సారు ఊరుకుంటారా? ఏడు ఇంటూ రెండు పద్నాలుగు. పనికి వచ్చేదే పద్నాలుగు మంది. అంటే కింద ఏడు ముక్కలై మాట్లాడుకుని, పైన మళ్లీ అందరం అదే హాల్లో అవే కుర్చీల్లో కూర్చుంటాం. హాలంతా నవ్వింది. యువకుడు కూడా నవ్వాడు, పటం మాత్రం మార్చలేదు.

రెండో రోజు పగ్గాలు రెండో శిక్షకురాలి చేతికి వచ్చాయి. యాభై ఏళ్లుంటాయి, తెలుగు ఇంటి మనిషే, కానీ మొదటి రోజంతా ఎందుకు నోరు మెదపలేదో తెలియదు. తెర ఆపించి మనిషికో చీటీ ఇచ్చింది. ‘మీరు నెల రోజులు రాకపోతే ఆగిపోయే పనులు రాయండి’ అంది. అంతే ప్రశ్న.

నా చీటీలో నాలుగు: రసీదు పుస్తకం, పాసుపుస్తకం, ఆడిటరు, టీ డబ్బులు. ఆ అమ్మాయి చీటీలో రెండు. కొందరివి ఖాళీ, వాళ్ల ముఖాలు చూడలేకపోయాను. ఆదివారం ఆదివారం ఒళ్లు హూనం చేసుకుంటున్నవాళ్లు, తాము రాకపోయినా ఏమీ ఆగదని రాసి ఇవ్వడం చిన్న సంగతి కాదు. సారు చీటీ అటూ ఇటూ నిండిపోయింది. పదిహేడు. షెడ్డు తాళంచెవి. తెప్ప తాళ్లు ఎక్కడున్నాయో. తూము దగ్గరి మనిషి ఫోను నంబరు. సంఘం ముద్ర. లెటర్‌ప్యాడ్. 2016లో ఇచ్చిన ఫిర్యాదు నకళ్లు. మెయిలు పాస్‌వర్డు, అది కూడా ఆయనకు గుర్తు లేదు, మనవరాలి ఫోనులో ఉంది. శిక్షకురాలు ఒక్కొక్కటీ పైకి చదువుతుంటే సారు మొదట గర్వంగానే విన్నారు. పది దాటాక కళ్లజోడు తీసి తుడుచుకోవడం మొదలుపెట్టారు. ఎనిమిది నెలలు మేము జీతం గురించి పోట్లాడుకున్నామనుకున్నాం. ఆ పదిహేడూ ఒకే జేబులో ఉన్నాయని ఎవరూ పైకి అనలేదు. అంటే సారును దొంగ అన్నట్టవుతుందని అందరికీ భయం. చీటీలో ఆయన రాతతోనే ఉంది కాబట్టి ఎవరూ ఎవరినీ అనాల్సిన పని లేకపోయింది. ఈ అరగంటకు నేను 20 వేలు ఇస్తాను.

మధ్యాహ్నం జీతం సంగతి. ఇక్కడ ఆమె వాడినది ఆ డచ్చి పద్ధతిలోని అసలు సరుకు. అందరూ ఒప్పుకోవాలని అడగరు, చేతులెత్తించి ఓట్లూ లెక్కపెట్టరు. ప్రతిపాదన చదువుతారు, సందేహాలు అడగనిస్తారు, తర్వాత వరసగా ఒక్కొక్కరినీ ‘దీనివల్ల మన పనికి చెడు జరుగుతుందా, ఎలా?’ అని అడుగుతారు. ఇష్టం లేదనడం చెల్లదు, కారణం చెప్పాలి. కారణం ఉంటే ఆ మేరకు ప్రతిపాదననే మారుస్తారు. ఇంగ్లీషులో కన్సెంట్ అంటుంటే మావాళ్లు అంగీకారం అనుకుని తికమక పడ్డారు. నాకు నా పాత ఉద్యోగం గుర్తొచ్చింది. ‘నిరభ్యంతరం’ అన్నాను. అప్పు తీరాక మేమిచ్చే నిరభ్యంతర పత్రంలో మీ ఇల్లు బాగుందని రాయం, మాకు అడ్డేమీ లేదని రాస్తాం. పెద్దాయన వెంటనే తల ఊపారు.

వరస సారు దగ్గరికి వచ్చినప్పుడు ఆయన తన పాత మాటే అన్నారు: డబ్బు వస్తే మనుషులు రారు. ‘అది జరుగుతుందో లేదో తెలుసుకోవడం ఎలా?’ అని ఆమె అడిగింది. హాజరు పుస్తకం ఉంది, అన్నాను నేను. అంతే, ప్రతిపాదన మారింది. ఏడాది కాదు, ఆరు నెలలు. ఆదివారం పనితో సమన్వయకర్తకు సంబంధం లేదు. పని దినాల్లో ఫిర్యాదులు, సమాచార హక్కు దరఖాస్తులు, నీటి నమూనాలు మాత్రమే. ఆరు నెలల తర్వాత ఆదివారం హాజరు లెక్క చూసి, తగ్గితే ఆపేయాలి.

అప్పుడు పెద్దాయన అన్న మాట చెప్పకుండా ఉండలేను. ‘చెరువుకు నీరటి ఉండేవాడు సారూ. తూము తీసేది వాడు, మడి మడికీ నీళ్లు పారించేది వాడు. పంటకు వాడికి గింజలిచ్చేవాళ్లు. వాడు గింజలు తీసుకున్నాడని ఊరు కట్టకు మట్టి పోయడం మానిందా?’ సారు చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత, ‘నిరభ్యంతరం’ అన్నారు. ఇష్టంగా కాదు.

ఇక నా ఫిర్యాదులు. సంస్థవాళ్లు ఇచ్చిన నమూనా నియమావళిలో కార్యదర్శి లేడు, కోశాధికారి లేడు, అందరూ ఏవో సర్కిళ్ల ప్రతినిధులు. రిజిస్టరయిన సంఘం ప్రతి ఏటా కార్యవర్గం పేర్ల జాబితా రిజిస్ట్రారుకు ఇవ్వాలి. బ్యాంకు ఖాతాలో సంతకం మారాలంటే తీర్మానం నకలు అడుగుతారు, నేనే ఎందరినో తిప్పి పంపాను. మా నియమావళి ముందే పంపినా వీళ్లు తెరిచి చూసినట్టు లేదు. సీఎస్‌ఆర్ నిధులు, అంటే కంపెనీలు సామాజిక బాధ్యత కింద ఇచ్చే డబ్బు, సులువుగా వస్తాయని చెప్పారు. 2021 ఏప్రిల్ నుంచి సీఎస్‌ఆర్-1 అనే ఫారం దాఖలు చేసి నంబరు తెచ్చుకోనిదే కంపెనీలు మాలాంటివారికి ఇవ్వలేవు, దానికి ముందు ఆదాయపన్ను శాఖ దగ్గర 12ఏ (సంఘం ఆదాయానికి పన్ను మినహాయింపు), 80జీ (విరాళమిచ్చినవారికి పన్ను తగ్గింపు) రెండూ ఉండాలి. మాకు 80జీ లేదు. ఈ మాట ఆ ఇద్దరిలో ఎవరి నోటా రాలేదు. జీతం చివరికి మా డిపాజిట్‌లోంచే ఇస్తున్నాం, నెలకు 12 వేలు.

వారంలో ఇస్తామన్న నివేదిక నలభై ఎనిమిదో రోజున వచ్చింది. తెలుగులో ఇస్తామన్నారు, ఇంగ్లీషులో ఉంది. నాలుగో పేజీలో మా చెరువు పేరు ఉండాల్సిన చోట ఏదో సముద్రతీరం పేరుంది. మేము తాబేళ్ల గుడ్లు కాపాడుతున్నామట. మూడు నెలలకు చేస్తామన్న ఫోను ఇంతవరకు రాలేదు.

పిలుచుకోవాలనుకుంటే ఒక రోజు చాలు, రెండో రోజు మాత్రమే అడగండి. ఏ శిక్షకులు వస్తున్నారో ముందే కనుక్కోండి. చీటీల ప్రశ్న మీరే అడుక్కోవచ్చు కదా అంటారేమో. మేమైతే అడగలేకపోయేవాళ్లం. మాలో ఎవరడిగినా సారు మీద దాడి అయ్యేది. నివేదిక వద్దని చెప్పి రుసుములో అయిదు వేలు తగ్గించమనండి.

ఇప్పుడు మాకు మూడు సర్కిళ్లు. ఆ మాట ఎవరూ వాడరు, జట్లు అంటున్నాం. సారు పదిహేడులో పదకొండు అప్పగించారు, మిగతావాటికి పుస్తకంలో తేదీలు వేశాం. షెడ్డు తాళంచెవికి రెండు నకళ్లు చేయించాం, ఒక్కొక్కటి అరవై రూపాయలు. మొదటి ఆదివారం వాటిలో ఒకటి తాళంలో తిరగలేదు, రెండోది తెచ్చే మనిషి రాలేదు. ఏడింటికి సారుకే ఫోను చేశాం. వచ్చారు, తీశారు, ఏమీ అనలేదు, కొక్కెం తీసుకుని నీళ్లలోకి దిగారు.