పండు ఈగలకు సహజ పద్ధతులు: కొన్నేళ్లు వాడాక చెబుతున్న మాట

పురుగుమందు కొట్టకుండా పండు ఈగలను వదిలించుకోవడానికి కొన్నేళ్లుగా మా వంటింట్లో రకరకాల పద్ధతులు వాడుతూ వస్తున్నాను. వాటిలో ఇప్పటికీ వదలకుండా వాడుతున్నది ఒకటే: చిన్న గిన్నెలో కాస్త ఆపిల్ సైడర్ వెనిగర్, అందులో గిన్నెలు తోమే లిక్విడ్ ఒక్క చుక్క. పెద్ద ఖర్చు లేదు, వాసన ఇబ్బంది పెట్టదు, తినే వస్తువులున్న చోట పెట్టినా భయం లేదు. అయితే ఇదొక్కటే పెట్టి ఊరుకుంటే ఈగలు తగ్గుతాయే గానీ పోవు. అందుకే ఏది ఎంతవరకు పనికొచ్చిందో, ఏది ఎక్కడ చేతులెత్తేసిందో వివరంగా రాస్తున్నాను.

ముందుగా ఇంట్లో తిరుగుతున్నది పండు ఈగేనా అన్నది చూసుకోవాలి. అరటిపండు తొడిమ దగ్గర వాలినప్పుడు కదలకుండా నిలబడి దగ్గరగా చూడండి. మూడు మిల్లీమీటర్లకు మించదు. ఒళ్లు లేత గోధుమ రంగు, పొట్ట మీద నల్లటి అడ్డచారలు, కళ్లు మాత్రం ఇటుక ఎరుపు. ఎగిరేటప్పుడు దూసుకుపోదు, ఒకే చోట తేలుతున్నట్టు తిరుగుతుంది. పూలకుండీల మట్టిలోంచి లేచే నల్లటి, సన్నటి, పొడవు కాళ్ల ఈగలు వేరు. వాటికి నీళ్లు పోయడం తగ్గించి కుండీలో పైమట్టి ఆరనివ్వాలి. బాత్రూం గోడల మీద కదలకుండా కూర్చునే బూడిద రంగు నూగురెక్కల ఈగలు మురుగు గొట్టాల్లో పుట్టేవి. ఈ రెండు రకాలకూ వెనిగర్ గిన్నె పెట్టి ఎదురుచూసినా లాభం ఉండదు. ఎవరైనా "వెనిగర్ పని చేయలేదండీ" అంటే నేను మొదట అడిగేది ఆ ఈగ కళ్ల రంగే.

ఇక గిన్నె సంగతి. లోతు తక్కువ, మూతి వెడల్పున్న గిన్నె తీసుకుని ఒక వేలు మందాన వెనిగర్ పోయాలి. గోరువెచ్చగా ఉంటే వాసన త్వరగా పాకుతుంది. లిక్విడ్ ఒక్క చుక్క చాలు. ఎక్కువ వేస్తే సబ్బు వాసన వెనిగర్‌ను మింగేస్తుంది, పైగా నురగ తేలి ఈగ నిలబడటానికి మెత్తటి పరుపు దొరుకుతుంది. చుక్క వేశాక పుల్లతో మెల్లగా తిప్పండి, బుడగలు రాకూడదు. ఆ చుక్క ఎందుకో గిన్నె పక్కన కాసేపు కూర్చుంటే కళ్లకు కనబడుతుంది. ఈగ ముందు గిన్నె అంచు మీద వాలుతుంది, ఒకటి రెండు చుట్లు నడుస్తుంది, ఆగి ముందు కాళ్లు రుద్దుకుంటుంది, తర్వాత లోపలి గోడ మీదుగా తల కిందకి పెట్టి దిగుతుంది. సబ్బు లేని వెనిగర్ అయితే ఆ ద్రవం మీదే నిలబడి, తాగి, హాయిగా ఎగిరిపోతుంది. ద్రవం పైపొరకు ఉండే బిగువు దాని బరువును మోసేస్తుంది. సబ్బు ఆ బిగువును తీసేస్తుంది కాబట్టి కాలు పెట్టిందంటే మునిగినట్టే.

తెల్ల వెనిగర్‌తోనూ పడతాయి గానీ తక్కువ. ఈగలు వెతుక్కునేది పులుస్తున్న పండు వాసనను. అందులో వెనిగర్‌లో ఉండే ఎసిటిక్ ఆమ్లం ఒక భాగం మాత్రమే. ఈస్ట్ (పులియబెట్టే సూక్ష్మజీవి) పనిచేసేటప్పుడు పుట్టే ఆల్కహాలూ తీపి వాసనలూ కూడా కలవాలి. ఆపిల్ సైడర్ వెనిగర్‌లో ఆ పండు వాసన కొంత మిగిలే ఉంటుంది. ఘాటు మరీ ఎక్కువైతే ఈగ వెనక్కి తగ్గుతుంది కూడా, అందుకే చిక్కటి వెనిగర్ అయితే కొంచెం నీళ్లు కలుపుతాను. రెండు మూడు రోజులకోసారి మార్చాలి. అన్నిటికంటే ముఖ్యం, గిన్నె పెట్టిన రాత్రి బల్ల మీద పళ్లు ఉండకూడదు. అసలు పండు పక్కనే ఉంటే వెనిగర్ దగ్గరికి ఎందుకొస్తాయి?

గరాటు సీసా పద్ధతి కూడా చాలాకాలం వాడాను. సీసాలో బాగా మగ్గిన పండు ముక్క వేసి, కాగితాన్ని గరాటులా చుట్టి మూతికి బిగిస్తే ఈగలు లోపలికి దిగుతాయి. బయటికి రావాలనుకున్నప్పుడు గోడ వెంట పైకి పాకుతాయి, కానీ దారి సీసా మధ్యలో కిందికి వేలాడుతూ ఉంటుంది కాబట్టి దాన్ని కనుక్కోలేవు. గిన్నెలా ఒలికిపోదు, పిల్లలూ పిల్లులూ తిరిగే ఇంట్లో ఇది నయం. చంపడం ఇష్టం లేనివాళ్లు సీసాను బయటికి తీసుకెళ్లి వదిలేయవచ్చు, ఆ సౌలభ్యం ఇంకే పద్ధతిలోనూ లేదు. కానీ సీసాను వారానికి పైగా కదిలించకుండా ఉంచారంటే లోపలి పండు ముక్క మీద గుడ్లు పెట్టి, పిల్లలు పుట్టి, అదే ఈగల పెంపకశాల అవుతుంది. ఇదేదో మాటవరసకు అనడం లేదు. అమెరికాలోని కొలంబియా విశ్వవిద్యాలయంలో జన్యుశాస్త్రవేత్త థామస్ హంట్ మోర్గాన్ బృందం వీటిని పెంచింది ఇలాగే, పాల సీసాల్లో మెదిపిన అరటిపండు పెట్టి. 1910లో తెల్ల కళ్ల ఈగ ఆయన కంటపడింది ఆ ఈగల్లోనే. జన్యువులు క్రోమోజోముల మీద ఉంటాయని తేల్చిన ఆ పరిశోధనకు 1933లో నోబెల్ వచ్చింది. ఈ ఈగను ప్రయోగశాలల వాళ్లు ఇంతగా ఇష్టపడటానికి కారణం త్వరగా పెరగడం, విపరీతంగా గుడ్లు పెట్టడం. మన వంటింట్లో కష్టం కూడా సరిగ్గా అదే.

లెక్క చూడండి. 25 డిగ్రీల సెల్సియస్ దగ్గర గుడ్డు నుంచి రెక్కల ఈగ కావడానికి సుమారు 10 రోజులు. గుడ్డు ఒక్క రోజులో పగులుతుంది, పురుగు దశ నాలుగైదు రోజులు, ప్యూపా దశ (పురుగు కదలకుండా గూడులో ఉండి ఈగగా మారే దశ) మరో నాలుగైదు రోజులు. ఒక ఆడ ఈగ జీవితకాలంలో దాదాపు 400 నుంచి 500 గుడ్లు పెట్టగలదు. అంటే ఈ రోజు గిన్నెలో పడ్డవి రెక్కలొచ్చినవి మాత్రమే. రేపు ఎగరబోయేవి, వారం తర్వాత ఎగరబోయేవి ఎక్కడో తడిలో తింటూ ఉన్నాయి. వాటికి వెనిగర్‌తో పనే లేదు. వారం పాటు తగ్గి మళ్లీ విరుచుకుపడ్డాయని జనం అనడం వెనక ఉన్నది ఇదే.

కాబట్టి అసలు పని పుట్టిల్లు వెతకడం. నా అనుభవంలో అది పళ్ల బుట్ట కావడం చాలా అరుదు, ఎందుకంటే పళ్లను మనం రోజూ చూస్తూనే ఉంటాం. చూడనివే కొంప ముంచుతాయి. చెత్తబుట్టలో సంచి తీసేశాక అడుగున మిగిలే జిగట నీళ్లు. బంగాళాదుంపల బుట్టలో అడుక్కి చేరి మెత్తబడిన ఒక్క దుంప. కడగకుండా పక్కన పెట్టిన జ్యూస్ సీసాల అడుగున చుక్కలు. పిండకుండా మూలన నిలబెట్టిన మాప్. సింకు అంచుకీ బల్లకీ మధ్య సందు. గిన్నెలు తోమే స్పాంజి. పురుగులు తినేది ముఖ్యంగా కుళ్లులో పెరిగే ఈస్ట్‌నే, అందుకే అక్కడ పండు ఉండాల్సిన పనే లేదు, పులిసిన తడి ఉంటే చాలు.

వెతికేటప్పుడు ఈగ కోసం కాకుండా ప్యూపా కోసం చూడండి. పురుగు బాగా తిన్నాక తడి వదిలి, పొడిగా ఉన్న చోటికి పాకి, అక్కడ అంటుకుంటుంది. చెత్తబుట్ట మూత లోపలి అంచున ముదురు గోధుమ రంగులో, నువ్వు గింజకంటే సన్నగా, ఒక కొసన రెండు చిన్న కొమ్ములతో గింజలు వరసగా అతుక్కుని కనబడితే చోటు దొరికినట్టే. గోరుతో గీకితే రావు, గట్టిగా అంటుకుని ఉంటాయి. వేడినీళ్లలో నానబెట్టి బ్రష్‌తో రుద్దాలి. పైపైన తుడిస్తే మూతకున్న గాడిలో మిగిలిపోతాయి.

సింకు గొట్టం మీద అనుమానం ఉంటే రాత్రి పడుకునే ముందు రంధ్రం మీద టేపు ముక్క జిగురు వైపు కిందికి ఉండేలా, గాలి ఆడటానికి కాస్త సందు వదిలి అతికించండి. తెల్లారేసరికి ఈగలు అంటుకుని ఉంటే పుట్టేది అక్కడే. ఇక్కడ అందరూ చెప్పే వంటసోడా, వెనిగర్ చిట్కా గురించి ఒక మాట: పొంగు చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది, కానీ ఆమ్లమూ సోడా ఒకదాన్నొకటి విరిచేసుకుని చివరికి మిగిలేది దాదాపు ఉప్పునీళ్లే. గొట్టం లోపలి గోడకు పట్టిన జిగట చెక్కుచెదరదు. సీసాలు కడిగే పొడవాటి బ్రష్ లోపలికి దూర్చి రుద్ది, ఆ తర్వాత వేడినీళ్లు పోస్తేనే ఫలితం కనబడింది. మరిగే నీళ్లు మాత్రం వద్దు, ప్లాస్టిక్ గొట్టాలు మెత్తబడతాయి.

పుదీనా నూనె, యూకలిప్టస్ నూనె, నిమ్మ చెక్కలో గుచ్చిన లవంగాలు, కిటికీలో తులసి మొక్క, ఇవన్నీ వాడి చూసి మానేశాను. నూనె చల్లిన చోట ఆ పూటకు ఈగలు తగ్గిన మాట నిజమే, అయితే అవి పక్క బల్ల మీదికి వెళ్లాయి, అంతే. కోసిన నిమ్మ చెక్క నాలుగు రోజులకు తనే కుళ్లడం మొదలుపెడుతుంది. పిల్లి ఉన్న ఇంట్లో ఈ నూనెలు అసలు వాడకండి, వాటి ఒంటికి విషం. ఈస్ట్, చక్కెర, గోరువెచ్చని నీళ్లు కలిపిన ఎర మాత్రం ఈగలను లాగడంలో వెనిగర్‌ను మించింది. వాసన భరించగలిగితే, ఈగలు మరీ ముసిరినప్పుడు ఒకటి రెండు రోజులకు పెట్టుకోవచ్చు. సబ్బు చుక్క తప్పనిసరి, సీసాకు మూత బిగించకూడదు, వాయువు పుడుతూనే ఉంటుంది.

పుట్టిల్లు శుభ్రం చేశాక కూడా గిన్నెను రెండు వారాలు తీయకుండా ఉంచుతాను, చల్లటి రోజుల్లో ఇంకా ఎక్కువ, ఎందుకంటే 18 డిగ్రీల దగ్గర ఈగ ఎదగడానికి దాదాపు రెట్టింపు సమయం పడుతుంది. ఇప్పుడు గిన్నె ఉన్నది ఈగలను పట్టడానికి కంటే, అవి ఇంకా పుడుతున్నాయో లేదో చెప్పడానికి. రోజూ పొద్దున పడ్డవి చూస్తే చాలు. తగ్గుతూ వచ్చి ఆగిపోతే చోటు దొరికినట్టు. రెండు వారాల తర్వాత కూడా పడుతూనే ఉంటే ఇంట్లో ఇంకో తడి మూల ఉందన్నమాట, మళ్లీ వెతకాలి.

ఇక రోజువారీగా మిగిలినవి చిన్న పనులే. పళ్లు ఇంటికి రాగానే కడిగి, తొడిమల దగ్గర తడి లేకుండా తుడిచి పెడతాను, గుడ్లేమైనా ఉంటే చాలావరకు అక్కడే పోతాయి. పగిలిన పండు ఫ్రిజ్‌లోకి. తొక్కలు వెంటనే బయటికి పంపే వీలు లేకపోతే డబ్బాలో వేసి ఫ్రీజర్‌లోకి. కంపోస్టు డబ్బా ఇంట్లోనే పెట్టుకునేవాళ్లకు మాత్రం ఈ పద్ధతులతో ఈగలు పూర్తిగా పోతాయని నేను చెప్పను. తొక్కలు వేసిన ప్రతిసారీ పైన నాలుగు వేళ్ల మందాన ఎండుటాకులో కాగితం ముక్కలో కప్పితే బాగా తగ్గుతాయి, కానీ డబ్బా పక్కన వెనిగర్ గిన్నె ఎప్పుడూ ఉండాల్సిందే.